కూర్చునే చోటు నుంచి కొలత

హైదరాబాద్ పాతబస్తీలో కొత్త టీవీ కొంటున్నామని చెబితే ఎదుటివాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని ఇంచులది?" అనే. ఏ కంపెనీదో, బొమ్మ ఎలా వస్తుందో తర్వాత అడుగుతారు. చాలా ఇళ్లలో సైజు కూడా అలాగే తేలుతుంది. పక్కింట్లో 43 ఉంది కాబట్టి మనం 55 తీసుకుందాం అనుకుంటారు, షోరూంలో వేలు పెట్టి చూపిస్తారు, డబ్బు కట్టేస్తారు. సినిమాలు, సీరియళ్లు చూసుకునే ఇంట్లో ఇలా కొన్నా ఎలాగో సర్దుకుపోవచ్చు. గేములు ఆడేవాళ్లకు మాత్రం ఇబ్బంది రోజూ తెలుస్తుంది. సినిమాలో చూడాల్సింది దర్శకుడు తెర మధ్యకు తెచ్చి పెడతాడు. ఆటలో మీ కన్నే తెర నాలుగు మూలలూ తిరగాలి. ఒక మూల స్కోరు, ఇంకో మూల మ్యాపు, కింద ఇంకెన్ని బుల్లెట్లు మిగిలాయో చెప్పే చిన్న అంకె. ఇవన్నీ మెడ తిప్పకుండా కంటికి అందాలి. కళ్లు చికిలించకుండా చదవగలగాలి. ఈ రెండూ కుదిరే సైజు ప్రతి గదికీ ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి కావలసింది ఒక టేపు, ఒక సాయంత్రం.

కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నదే ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి. అందరూ గోడ నుంచి మొదలుపెడతారు: గోడ ఇంత ఉంది, ఇంత టీవీ పడుతుంది అని. మీరు మీ కన్ను నుంచి మొదలుపెట్టండి. ఎప్పుడూ కూర్చుని ఆడే చోట కూర్చోండి, వీపు ఎప్పటిలాగే ఆనించండి. టేపు ఒక కొసను కనుబొమ పక్కన పెట్టుకుని రెండో కొసను టీవీ తెర వచ్చే చోటిదాకా తమ్ముడితో లాగించండి. వచ్చిన అంకెను ఇంచుల్లో రాసుకోండి.

గౌలిపురాలో నాకు బాగా తెలిసిన ఒక ఇంటి గదిని తీసుకుందాం. వెడల్పు 10 అడుగులు, పొడవు 11. ఒక పక్క గుమ్మం, దాని ఎదురుగా గల్లీలోకి తెరుచుకునే కిటికీ. ఇంకో గోడ పొడవునా మంచం. దానికెదురు గోడలో పాతకాలపు గూళ్లు రెండు, వాటి మధ్య ఉన్న జాగాలోనే ఇన్నాళ్లూ టీవీ ఉండేది. ఒక మూల స్టీలు బీరువా, దాని పక్కన అమ్మ కుట్టు మిషను. పగలు అదే హాలు, రాత్రి అదే పడకగది, భోజనాల వేళ చాప పరిస్తే అదే వంటింటికి కొనసాగింపు. అన్నదమ్ములిద్దరూ మంచానికి వీపు ఆనించి బొంత మీద కూర్చుని ఆడతారు. గది పొడవు 11 అడుగులు కదా అని పెద్దవాడు 65 ఇంచుల టీవీ మీద కన్నేశాడు. లెక్క వేసి చూస్తే మంచం వెడల్పు 3 అడుగులు పోయింది. టీవీ బల్ల అడుగుంపావు ఆక్రమించింది. ఆనించిన వీపుకూ కంటికీ మధ్య ముప్పావు అడుగు. కంటి నుంచి తెరకు మిగిలింది 6 అడుగులే, అంటే 72 ఇంచులు. మొఘల్‌పురాలో, షా అలీ బండాలో, హుస్సేనీ ఆలంలో పాత ఇళ్ల గదులు కొలిచినా చాలాచోట్ల ఐదుకూ ఏడుకూ మధ్యే తేలుతుంది.

ఈ 72 మీద రెండు భాగహారాలు చేయాలి. 1.6తో భాగిస్తే హాయిగా చూడగలిగే సైజు వస్తుంది. 1.2తో భాగిస్తే ఇక దాటకూడని సైజు వస్తుంది. వీటి వెనక ఉన్న సంగతి ఇది. తెర అడ్డంగా మన చూపులో ఎన్ని డిగ్రీలు ఆక్రమిస్తుందన్నదాన్ని బట్టి కంటికి సుఖమూ కష్టమూ ఉంటాయి. సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం ఎస్ఎంపీటీఈ పేరు మీద చలామణీలో ఉన్న కొలత 30 డిగ్రీలు. థియేటర్లకు ప్రమాణాలు నిర్ణయించే టీహెచ్ఎక్స్ చెప్పేది 40. ఇప్పటి టీవీలన్నీ 16:9 ఆకారంలో ఉంటాయి కాబట్టి 30 డిగ్రీలంటే సైజుకు 1.6 రెట్ల దూరం, 40 డిగ్రీలంటే 1.2 రెట్ల దూరం అవుతాయి. మన గదికి 72ను 1.6తో భాగిస్తే 45, 1.2తో భాగిస్తే 60. కాబట్టి 43, 50, 55 మూడూ ఈ హద్దుల్లో ఉన్నట్టే. పెద్దవాడు కోరుకున్న 65 మాత్రం ఆ దూరం నుంచి 43 డిగ్రీలు ఆక్రమిస్తుంది. ఒక మూల స్కోరు చూసి ఇంకో మూల మ్యాపు చూడాలంటే కన్నుతో సరిపోదు, మెడ కూడా తిప్పాలి. గంటసేపు ఆడితే అది మెడనొప్పిగా తెలుస్తుంది.

ఫుట్‌బాల్, క్రికెట్, తుపాకీ ఆటలు ఎక్కువగా ఆడేవాళ్లు 1.6 వైపు ఉండటం మంచిదని నా అభిప్రాయం. తెర మొత్తం ఒక్క చూపులో అందాలి వాళ్లకు. కథ నడిచే ఆటలు, ఊళ్లూ అడవులూ తిరిగే పెద్ద ఆటలు ఇష్టపడేవాళ్లు 1.2 వైపు జరగవచ్చు. అక్కడ మునిగిపోవడంలోనే ఆనందం ఉంది.

పెద్ద టీవీ మీద ఆడితేనే ఆట బాగుంటుందనుకునే పిల్లలకు ఒక లెక్క చెప్పండి. ప్రపంచ స్థాయి ఈ-స్పోర్ట్స్ పోటీల్లో తుపాకీ ఆటలాడేవాళ్ల ముందు ఉండేవి 24, 25 ఇంచుల మానిటర్లే. రెండడుగుల దూరంలో కూర్చుని చూస్తే 24 ఇంచుల తెర కంటికి ఎంత పెద్దగా కనబడుతుందో, నాలుగున్నర అడుగుల నుంచి 55 ఇంచుల టీవీ కూడా దాదాపు అంతే పెద్దగా కనబడుతుంది. చదువుకునే బల్ల ఉండి, ఒక్కడే ఆడుకునే కుర్రాడికి మంచి మానిటరే సరైన కొనుగోలు. గది కూడా ఖాళీగా మిగులుతుంది. టీవీ కావాలనుకోవడానికి అసలు కారణం అన్నదమ్ములు, దోస్తులు కలిసి ఆడటం. ఆ కారణం మీ ఇంట్లో ఉందో లేదో ముందు తేల్చుకోండి.

కలిసి ఆడేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. క్రికెట్, ఫుట్‌బాల్, టెక్కెన్ లాంటి ఆటల్లో ఇద్దరూ ఒకే బొమ్మ చూస్తారు కాబట్టి సైజు సమస్య రాదు. తెరను రెండుగా చీల్చే రేసు ఆటల్లో మాత్రం ఒక్కొక్కరికి సగమే. 43 ఇంచుల టీవీ ఎత్తు 21 ఇంచులు. పైనా కిందా చీలిస్తే ఒక్కొక్కరికి పదిన్నర ఇంచుల పట్టీ మిగులుతుంది. ఇలాంటి ఆటలే ఎక్కువగా ఆడే ఇంట్లో, జాగా ఉంటే, ఒక సైజు పైకి వెళ్లడం న్యాయమే.

ఇప్పుడు గోడ దగ్గరికి రండి. టీవీ పెట్టె మీద రాసే కొలత మూల నుంచి మూలకు ఏటవాలుగా ఉన్న పొడవు. 108 సెంటీమీటర్లంటే 43 ఇంచులు. గోడ మీద అది ఆక్రమించే అడ్డం వేరు. 32కు 28 ఇంచులు, 43కు 37న్నర, 50కు 43న్నర, 55కు 48, 65కు దాదాపు 57. అంచు పట్టీకి కాస్త కలుపుకోవాలి. గౌలిపురా ఇంట్లో రెండు గూళ్ల మధ్య జాగా సరిగ్గా 4 అడుగులు, అంటే 48 ఇంచులు. 55 అక్కడే ఆగిపోయింది. గూళ్లు కప్పేసి పెట్టొచ్చని పెద్దవాడు అన్నాడు. ఒక గూట్లో దేవుడి పటాలు, ఇంకో గూట్లో అమ్మ దారపు రీళ్లు ఉన్నాయి.

"గంత పెద్దది పెడితే నా మిషిను ఏడ పెట్టుకోవాలె రా?" అంది తల్లి.

ఈ మాటను ఇంట్లో ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఆ మిషను మీద కుట్టిన జాకెట్ల డబ్బు కూడా ఆ టీవీలో ఉంది. ఇలాంటి ఇళ్లలో టీవీ ఒక్కరి వస్తువు కాదు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా నాయినమ్మ సీరియళ్లు, ఆదివారం నాయిన చూసే మ్యాచి, మిగిలిన వేళల్లో పిల్లల ఆట. కొనేముందు ఒక కాగితం మీద ఎవరెవరు ఏ వేళకు ఎక్కడ కూర్చుని చూస్తారో రాయండి. నాయినమ్మ మంచం మీద కూర్చుంటుంది, పిల్లలు కింద కూర్చుంటారు. ఇద్దరి చూపుకూ పనికొచ్చే ఎత్తు, ఇద్దరికీ కుదిరే సైజు అప్పుడే తెలుస్తాయి. కోరిక బలంగా ఉన్నవాడు ఆ కాగితం తానే రాస్తే ఇంకా మంచిది. నేను చూసినంతలో, మిగతావాళ్ల అవసరాలు తన చేత్తో రాసిన కుర్రాడు షోరూంలో మొండికేయడు.

కాగితం మీద తేలింది గోడ మీద కూడా చూడండి. పాత దినపత్రికలు అతికించి మీరు అనుకున్న సైజుకు కత్తిరించండి. 43 అయితే అడ్డం 37న్నర, ఎత్తు 21. టీవీ వచ్చే చోట గోడకు అంటించి రెండు మూడు సాయంత్రాలు వదిలేయండి. వస్తూ పోతూ చూడండి, కూర్చుని చూడండి, చాప పరిచి అన్నం తింటూ చూడండి. షోరూం కప్పు ఎత్తుగా ఉంటుంది, చుట్టూ 75, 85 ఇంచుల టీవీలు వెలుగుతుంటాయి. వాటి మధ్య 43 చిన్నపిల్లలా కనబడుతుంది. అదే కొలత కాగితం పదడుగుల గదిలో గోడకెక్కితే, ఇంత పెద్దదా అని ఇంట్లోవాళ్లే అంటారు.

దగ్గర కూర్చుంటే కళ్లు పోతాయన్న పెద్దల భయానికి కూడా జవాబు చెప్పాలి. ఆ మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. మన ఊళ్లోనే ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీలు అప్పట్లో ఇళ్లలో ఉండేవి. ఆ కాలపు బొమ్మలో పైనుంచి కిందికి కనబడే గీతలు 576. దగ్గరకు వెళితే గీతలు విడివిడిగా కనబడి కన్ను చికాకుపడేది. అమెరికాలో 1967లో ఒక పెద్ద కంపెనీ కలర్ టీవీలు కొన్ని హద్దుకు మించి ఎక్స్ కిరణాలు వెదజల్లుతున్నాయని తేలింది. ఆ భయం ప్రపంచమంతా పాకింది. ఇప్పటి ఎల్ఈడీ తెరల్లో అప్పటి పిక్చర్ ట్యూబే లేదు. 4కే తెరలో నిలువునా 2160 గీతలున్నాయి. ఐదడుగుల నుంచి చూసినా చుక్కలు కనబడవు. కళ్లకు ఇబ్బంది రెప్ప వేయకుండా గంటలు గంటలు చూడటం వల్ల వస్తుంది, చీకటి గదిలో తెర ఒక్కటే మండుతుండటం వల్ల వస్తుంది. ఆట మధ్యలో లేచి డాబా మీదికి వెళ్లి దూరంగా చూడటం, గదిలో చిన్న దీపం ఉంచడం సైజు కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

చుక్కల లెక్కను మాత్రం 32 ఇంచుల టీవీల విషయంలో మరిచిపోకండి. మార్కెట్లో దొరికే 32 ఇంచుల టీవీల్లో చాలా వాటికి 'హెచ్‌డీ రెడీ' అని రాసి ఉంటుంది. అంటే అడ్డంగా 1366 చుక్కలే. ఆరడుగుల కంటే దగ్గర కూర్చుంటే మంచి చూపున్నవాళ్లకు చుక్కలు తెలుస్తాయి, ఆటలోని చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. ఒకప్పుడు 32 దగ్గర ఆగడానికి పన్ను కూడా కారణంగా ఉండేది. 2019 జనవరి 1 నుంచి 32 ఇంచుల దాకా జీఎస్టీ 18 శాతం, అది దాటితే 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలకూ 18 శాతమే అయింది. ఇక 32 దగ్గర ఆగడానికి మీ గది చెప్పాలి గానీ పన్ను చెప్పాల్సిన పనిలేదు.

సైజు తర్వాత, కొందరికి సైజు కంటే ముందే, చూడాల్సింది ఆలస్యం. మీరు బటన్ నొక్కడానికీ తెర మీద బ్యాటు కదలడానికీ మధ్య పట్టే సమయం అది. బొమ్మను అందంగా చూపడానికి టీవీ లోపల రంగులు దిద్దుతుంది, కదలికలు నున్నగా చేస్తుంది. ఆ పనులన్నిటికీ సమయం కావాలి. మామూలు పద్ధతిలో కొన్ని టీవీలు సెకనులో పదోవంతు దాకా వెనకబడతాయి. సెకనుకు 60 బొమ్మలు నడిచే ఆటలో అది ఆరు బొమ్మల ఆలస్యం. యార్కర్ స్టంపులను తాకాక మీ బ్యాటు కిందికి దిగుతుంది. ఆ పనులను పక్కన పెట్టే గేమ్ మోడ్ వేస్తే మంచి టీవీల్లో ఆలస్యం 10, 20 మిల్లీసెకన్ల దగ్గరకు తగ్గుతుంది. తన టైమింగ్ బాగాలేదని బాధపడే కుర్రాళ్లలో కొందరిది నిజానికి టీవీ తప్పు. అందుకే నా సలహా ఇది: 55 ఇంచుల నాసిరకం టీవీకి, గేమ్ మోడ్ సరిగా పనిచేసే 43 ఇంచుల టీవీకి ధర ఒకటే అయితే కళ్లు మూసుకుని 43 తీసుకోండి.

ఇక గేమ్ కన్సోల్ సంగతి. ప్లేస్టేషన్ 5, అంటే పీఎస్5, మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైంది. అది 4కే బొమ్మను సెకనుకు 120 సార్లు పంపగలదు. అందుకోవడానికి టీవీకి 120 హెర్ట్జ్ ప్యానెలూ హెచ్‌డీఎంఐ 2.1 పోర్టూ ఉండాలి. 43లో అలాంటివి కొద్దిగానే దొరుకుతాయి, 55 నుంచి ఎక్కువ. పెట్టె మీద 'మోషన్ రేట్ 120' అని ఉంటే మోసపోకండి. ప్యానెల్ అసలు హెర్ట్జ్ ఎంతని అడిగి, కాగితం మీద చూపించమనండి. ఇంట్లో ఉన్నది పీఎస్4 అయితే, ఆడేది ఎక్కువగా ఫుట్‌బాలే అయితే, 60 హెర్ట్జ్ చాలు. ఆ తేడా డబ్బుతో రెండో కంట్రోలర్ కొనుక్కోండి.

కొనేముందు ఉచితంగా, దాదాపు ఉచితంగా, పరీక్షించుకునే అవకాశం పాతబస్తీ కుర్రాళ్లకు ఉంది. షట్టరు గదుల్లో నడిచే గేమ్ పార్లర్లకు టేపు తీసుకుని వెళ్లండి. గంటకు డబ్బు కట్టి ఆడండి. ఆడుతున్న టీవీ ఎన్ని ఇంచులదో అడగండి, మీ కుర్చీ నుంచి తెరకు ఎంత దూరమో కొలవండి. దూరాన్ని సైజుతో భాగించండి. ఆ అంకెను మీ ఇంటి అంకెతో పోల్చితే, మీకు నచ్చిన అనుభవం ఇంట్లో ఏ సైజుకు వస్తుందో తెలిసిపోతుంది. 55 మీద ఆడి మురిసిపోయినవాడు, అక్కడ తాను ఏడడుగుల దూరంలో కూర్చున్నాడని తెలిస్తే, తన ఐదున్నర అడుగులకు 43 అదే బొమ్మ ఇస్తుందని అర్థం చేసుకుంటాడు.

ఎత్తు గురించి. షోరూం మనిషి వచ్చి టీవీని నిలబడ్డవాడి కంటి ఎత్తున బిగించి పోతాడు. నేల మీద కూర్చున్నవాడి కన్ను నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, మంచం మీద కూర్చున్న నాయినమ్మది నాలుగడుగుల దగ్గర. తెర మధ్య భాగం ఈ రెంటికీ నడుమ, కింద కూర్చునేవాళ్ల వైపు కాస్త జరిగి ఉంటే మెడలు బాగుంటాయి. పాత ఇళ్ల గోడలు రాయి, డంగు సున్నంతో కట్టినవి. డ్రిల్లు పెడితే పై పూత పొడిపొడిగా రాలుతుంది. మేకు దేన్ని పట్టుకుందో తెలియని గోడకు 20 కిలోల 65 ఇంచుల టీవీ వేలాడదీయడం పిల్లలున్న ఇంట్లో చేయకూడని పని. గట్టి బల్ల మీద పెట్టండి.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 2020 అక్టోబరు వానలకు హఫీజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. పల్లపు గల్లీల్లో కింది అంతస్తులో ఉండేవాళ్లు ఆ రాత్రిని మరిచిపోలేదు. 43 ఇంచుల టీవీ ఏడెనిమిది కిలోలుంటుంది. తీగలు పీకి ఒక్కరే అటక మీద పెట్టగలరు. పెద్ద టీవీని గోడ నుంచి ఊడదీయడానికి ఇద్దరు మనుషులు, ఒక స్క్రూడ్రైవరు, వెలుతురు కావాలి. అలాంటి రాత్రి ఆ మూడూ దొరకవు.

చాంద్రాయణగుట్ట, బండ్లగూడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో హాళ్లు పెద్దవి. సోఫా నుంచి తెరకు ఎనిమిది అడుగులు వస్తే 55 హాయిగా సరిపోతుంది, 65 కూడా తప్పుకాదు. లెక్క అదే.

మూసీ దాటి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, పెద్ద షోరూంకి వెళ్లినా, మీ జేబులో నాలుగు అంకెలుండాలి: కంటి దూరం, గోడ జాగా, మెట్ల వెడల్పు, ఇంట్లో అందరూ ఒప్పుకున్న డబ్బు. మెట్ల వెడల్పు ఎందుకంటే, టీవీ పెట్టెను పడుకోబెట్టి మోయకూడదు, నిలువుగానే ఎక్కించాలి. పాత ఇళ్ల మెట్లు మలుపు తిరిగే చోట 65 ఇంచుల పెట్టె ఇరుక్కుంటుంది. గల్లీలోకి ట్రాలీ ఆటో రాకపోతే మలుపు దగ్గర నుంచి మోసుకురావాలి. పగిలిన ప్యానెల్‌కు వారంటీ వర్తించదు. కాబట్టి పెట్టె ఇంట్లోకి వచ్చాక, తెచ్చినవాళ్ల ముందే విప్పించి, టీవీ వేసి, తెల్లటి తెర ఒకసారి, నల్లటి తెర ఒకసారి పెట్టి నాలుగు మూలలూ చూశాకే సంతకం చేయండి. గేమ్ మోడ్ ఆ రోజే వేసి ఒక ఓవరు ఆడండి. జీఎస్టీ బిల్లు బీరువాలో పెట్టండి. ఖాళీ పెట్టెను, లోపలి థర్మాకోలును పారేయకుండా అటక మీద దాచండి. అద్దె ఇల్లు మారేటప్పుడు తెరకు అంతకంటే మంచి రక్షణ దొరకదు.